లోహ సమ్మేళనాల్లో బంధ స్వభావం: ఒక విభజన రేఖ చరిత్ర

1807లో హంఫ్రీ డేవీ ద్రవస్థితిలోని క్షారాల గుండా విద్యుత్తును పంపి సోడియం, పొటాషియంలను వేరుచేసిన తరువాత రసాయన బంధానికి మూలం విద్యుదాకర్షణే అన్న అభిప్రాయం బలపడింది. బెర్జీలియస్ దానిని, ప్రతి సమ్మేళనమూ ధన, రుణ భాగాల కలయికే అనే ద్వంద్వ సిద్ధాంతంగా మలిచాడు. కర్బన సమ్మేళనాల దగ్గర ఆ సిద్ధాంతం బోర్లాపడినా లోహ లవణాల విషయంలో మాత్రం దాని పట్టు సడలలేదు.

1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్-కిరణాలతో ఉప్పు స్ఫటికాన్ని పరిశీలించగా, అందులో విడి అణువులంటూ లేవనీ, ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు అమరి ఉన్నాయనీ తేలింది. అణువే లేని సమ్మేళనం పాతతరానికి మింగుడుపడలేదు. 1927 నాటికి కూడా హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘నేచర్’ పత్రికకెక్కి ఉప్పు తరఫున వెటకారంగా వాదించాడు. ఈలోగా 1916లో కోసెల్ ఎలక్ట్రాన్ బదిలీతో ఏర్పడే అయానిక బంధాన్ని, లూయిస్ ఎలక్ట్రాన్ జంటను పంచుకోవడంతో ఏర్పడే బంధాన్ని వివరించారు. రెండవదానికి సమయోజనీయత అన్న పేరును 1919లో లాంగ్‌మ్యూర్ స్థిరపరిచాడు. లోహం, అలోహం కలిస్తే అయానిక బంధమన్న పాఠ్యపుస్తక సూత్రం ఇక్కడిదే.

ఆ సూత్రానికి లొంగని పదార్థాలు అంతకు ముందే ఉన్నాయి. 17వ శతాబ్ది ఆరంభంలోనే లిబావియస్ తయారుచేసిన స్టానిక్ క్లోరైడ్ లోహ లవణమే అయినా, తేమగాలి తగిలితే తెల్లగా పొగలు కక్కే ద్రవం. 114 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. ఉప్పు కరగడానికే 801 డిగ్రీలు కావాలి. ఈ తేడాకు 1923లో ఫాజాన్స్ ఇచ్చిన వివరణ నేటికీ అందమైనదే: చిన్నదై, అధిక ఆవేశం గల ధనాయాను పొరుగు రుణాయాను ఎలక్ట్రాన్ మేఘాన్ని తనవైపు లాగి వికృతం చేస్తుంది, దీనినే ధ్రువణం అంటారు, అది ముదిరేకొద్దీ బదిలీ అయిన ఎలక్ట్రాన్ పంపకంలోకి వస్తుంది. రుణాయాను ఎంత పెద్దదైతే అంత తేలికగా లొంగుతుంది. వెండి లవణాల్లో ఇది కంటికే కనిపిస్తుంది: ఫ్లోరైడ్ నీటిలో ఇట్టే కరుగుతుంది, క్లోరైడ్ తెల్లని అవక్షేపంగా దిగుతుంది, బ్రోమైడ్ లేత పసుపు, అయోడైడ్ చిక్కని పసుపు.

1932లో పౌలింగ్ ఋణవిద్యుదాత్మకతకు, అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాక్కునే శక్తికి, అంకెలు కట్టడంతో బంధం ఏ రకమన్న ప్రశ్న ఎంత శాతమన్న ప్రశ్నగా మారింది. అయితే అంకెలు స్థితిని పట్టించుకోవు. ఘనస్థితిలో అల్యూమినియం క్లోరైడ్‌లో ప్రతి అల్యూమినియం చుట్టూ ఆరు క్లోరిన్లు ఉంటాయి. అదే కరిగితే నాలుగేసి క్లోరిన్లతో జంట అణువులుగా విడిపోతుంది, కరిగిన ఉప్పులా విద్యుత్తును మోయడం మాట అటుంచి, వాహకత దాదాపు సున్నాకు పడిపోతుంది.