ఇంటిల్లిపాదినీ పిలిచిన సంస్థ

కెనడాలోని బ్రాంప్టన్ నగర జనాభాలో సగానికి పైగా దక్షిణాసియా మూలాలవాళ్లే. ఆ జనం మధ్య పనిచేస్తున్న పంజాబీ కమ్యూనిటీ హెల్త్ సర్వీసెస్ చరిత్రను తెలుగువాళ్లం కూడా మనదిగా చదువుకోవాలి.

కెనడాలో మానసిక ఆరోగ్య ఉద్యమం పాతదే. డాక్టర్ క్లారెన్స్ హింక్స్ 1918లో జాతీయ కమిటీ స్థాపించారు. అదే 1950లో కెనడియన్ మెంటల్ హెల్త్ అసోసియేషన్‌గా మారింది. 1951 నుంచి ఏటా మానసిక ఆరోగ్య వారం జరుపుతున్నారు. ఇన్ని ఉన్నా, ఇంటి గుట్టు బయటపెట్టడానికి వెరచే వలస కుటుంబాలు ఆ గడపలు తొక్కడం కష్టమే. 1990లో బల్‌దేవ్ ముట్టా పంజాబీ కమ్యూనిటీ హెల్త్ సర్వీసెస్‌ను ఆ కుటుంబాల కోసమే మొదలుపెట్టారు. తాగుడు ఒకచోట, దిగులు ఒకచోట, ఇంట్లో హింస ఇంకోచోట అని విడదీయకుండా, అన్నిటినీ ఒకే కుటుంబం కష్టంగా చూడటం ఆ సంస్థ ఎంచుకున్న దారి. నా దృష్టిలో దాని గొప్పతనమంతా అక్కడే ఉంది.

పంజాబు నేలకు ఈ ఆలోచన కొత్త కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగులతోపాటు బంధువులనూ ఉంచారు. వాళ్లందరినీ కూర్చోబెట్టి జబ్బు గురించి మాట్లాడేవారు. ఇంటికి వెళ్లాక రోగిని ఎలా చూసుకోవాలో తల్లికీ భార్యకీ అక్కడే తెలిసేది. కుటుంబ చికిత్సకు భారతదేశంలో తొలి పాఠం ఆ గుడారాలే.

ఇప్పుడు ఆలుమగల కౌన్సెలింగ్‌లో జరిగేది చూడండి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అడ్డు రాకూడదు. విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. ‘మీ అమ్మ నన్ను అంత మాటంటే నువ్వు నోరు మెదపలేదు’ అని భార్య అంటే, ‘మా అమ్మ ఉద్దేశం అది కాదు’ అనడం జవాబు కాదు. ‘ఆ రోజు నేను నీ పక్కన నిలబడలేదని బాధపడ్డావు’ అనాలి. వినడానికి చిన్న మాటే. అనడానికి కొందరికి వారాలు పడుతుంది. ఇంట్లో చేయి చేసుకోవడం ఉంటే మాత్రం ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టరు. ముందు దెబ్బలు తింటున్న మనిషి భద్రత చూస్తారు.

ఒకే రకం బాధ ఉన్నవాళ్లు కలిసి కూర్చునే గ్రూపు చికిత్స పనిచేసే తీరు వేరు. అక్కడ విన్నది అక్కడే ఉండాలన్నది మొదటి షరతు. తనలాంటి బాధే మరొకరు చెబుతుంటే విన్న మనిషికి, ఇది తన ఒక్కరి తలరాత కాదని తెలుస్తుంది. డాక్టరు ఎంత నచ్చజెప్పినా రాని ధైర్యం అలా వస్తుంది.

వ్యాధి ముదిరాక చేసే వైద్యంకన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది నివారణే; అది ఒంటరితనం దగ్గర మొదలవ్వాలి. 2011 చివర్లో సూపర్ వీసా వచ్చాక అమ్మానాన్నలు ఏళ్ల తరబడి కెనడాలో పిల్లల దగ్గర ఉండగలుగుతున్నారు. మనవడిని బడి నుంచి తీసుకురావడానికి తప్ప గడప దాటని అమ్మమ్మలు మన ఇళ్లలో ఎందరో! కొడుకు పనిలో, కోడలు పనిలో, బయట మంచు. అద్దె బేస్‌మెంట్లలో రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా పడుకునే విద్యార్థులదీ అదే స్థితి. వీళ్లకు ముందుగా కావలసింది మందు కాదు, క్రమం తప్పకుండా నలుగురు కలిసే చోటు.

ఆత్మహత్య ఆలోచనలు ముంచుకొచ్చినప్పుడు సాయం అడగడానికి 2023 నవంబరు 30 నుంచి కెనడా అంతటా 9-8-8 నంబరు ఉంది. ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. అక్కడ సాయం ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో దొరుకుతుంది. కానీ అమ్మమ్మ తన దిగులు తెలుగులోనే చెప్పగలదు. మన సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి హాళ్లు అద్దెకు తీసుకుంటూనే ఉన్నాయి. నెలలో ఒక్క శనివారం సాయంత్రం, శిక్షణ పొందిన తెలుగు కౌన్సెలర్‌ను పిలిచి, అలాంటి హాలు ఒకటి ఈ పనికి ఇవ్వమని నా విన్నపం.