విమానసారథి ప్రేమ్ మాథుర్

మన అనంతపురసీమలో ఆకాశమువంక చూచుట యనిన మబ్బుకొఱకే. వేరుసెనగ చేలు వాడుచుండగా కన్నులకు చెయ్యి యడ్డము పెట్టుకొని నిలుచు రైతును మనము తఱచు చూచుచునే యున్నాము. హైదరాబాదునుండి బెంగుళూరునకు సూటిగా బోవు వాయుమార్గము మన సీమమీదుగనే సాగును. ఆ మార్గమును విమానముతో దాటువారిలో స్త్రీలుందురా యని పూర్వ మెవ్వరు నడిగియుండరు. ఉద్యోగముగా విమానము నడపిన ప్రథమ భారతస్త్రీకి కొలువిచ్చినది మాత్రము హైదరాబాదే.

ఆమె ప్రేమ్ మాథుర్. స్వస్థలము అలీగఢ్; మన కులమునుగాదు, మన భాషయుగాదు. అయినను తెలుగునేలతోడి ఆ సంబంధమునుబట్టి ఈ సంచికలో ఆమెకు చోటియ్య దలంచితిమి.

ఆమెకు ముందును మన స్త్రీలు విమానము నడపిరి. ఊర్మిళా పారిఖ్ 1932లో లైసెన్సు పొందెను. సరళా ఠక్రాల్ 1936లో, ఇరువదియొకటవ యేట, చీరకట్టుతోనే జిప్సీమాత్ విమానము నెక్కెను. కాని ప్రయాణికులను గొనిపోయి జీతము పుచ్చుకొనుట వేఱు. ప్రేమ్ మాథుర్ అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బున నేర్చి 1947లో వాణిజ్య లైసెన్సు సంపాదించెను. ఎనిమిది కంపెనీలు ఆమెను నిరాకరించెనట. చేర్చుకొన్నది దక్కన్ ఎయిర్‌వేస్. నిజాము రాష్ట్ర రైల్వేయు టాటాలును భాగస్వాములై 1945లో నెలకొల్పిన యా కంపెనీ బేగంపేటనుండి డకోటా విమానములను నడపుచుండెను. ఆమె యందు సహచాలకురాలయ్యెను. 1949లో జాతీయ విమానపందెమునను గెలిచెను.

వలసినన్ని గంటలు నడపినపిమ్మట, విమానమునకు తానే ప్రధానచాలకురాలిగా నుండ గోరెను. స్త్రీ నడపుచున్నదని తెలిసిన ప్రయాణికులు భయపడుదురని కంపెనీ యొప్పుకొనలేదు. తలుపు తెఱచిన చేయియే పీఠము నిరాకరించినది!

ఇచ్చట మా తప్పును జెప్పుకొందుము. ఖేచరి యను శబ్దమును మేము బడిలో వల్లింపజేయునప్పుడు, ఆకాశమున జరించునది, దేవత యని యర్థము చెప్పుచుంటిమి. మనుష్యస్త్రీకి వర్తింపదా యని యొక బాలిక యడిగెను. నవ్వి పాఠము సాగించితిమి. ఆ నవ్వునకును కంపెనీవారి మాటకును ఎంత దూరము? మన విద్యానిధికి బాలికలు దరఖాస్తు పంపినప్పుడు, వారు కోరిన చదువు పేరుచూచి పోషకులు నవ్వకుందురుగాక.

ప్రేమ్ మాథుర్ హైదరాబాదు విడిచి, ఢిల్లీలో ఘనశ్యామదాస్ బిర్లాగారి సొంతవిమానమును కొంతకాలము నడపెను. 1953లో ప్రభుత్వము విమానకంపెనీలను జాతీయము చేయగా దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్సులో గలిసిపోయెను. ఆమెయు ఆ సంవత్సరమే ఇండియన్ ఎయిర్‌లైన్సున జేరి, ఉద్యోగకాలము ముగియువఱకు నందే యుండెను.