సంగీత నాటక నిర్మాత ధర్మవరం రామకృష్ణమాచార్యులు: పాట ప్రజల్లోకి వెళ్లిన దారి

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) తెలుగు నాటక రచయిత, నటుడు, నాటక సమాజ స్థాపకుడు. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అన్న బిరుదుతో సాహిత్య చరిత్రల్లో ఆయనకు స్థానం స్థిరపడింది. అయితే ఆ చరిత్రలు ఆయనను ప్రధానంగా గ్రంథకర్తగానే చూశాయి. గ్రామఫోను, రేడియో, సినిమా లేని రోజుల్లో జనరంజకమైన పాటకు పెద్ద వేదిక నాటకమే. ఏ సన్నివేశంలో పాట ఉండాలి, దాన్ని ఎవరు పాడాలి, ఏ రాగంలో పాడాలి, కథతో దాన్ని ఎలా కలపాలి అని నిర్ణయించడం నేడు పాప్ సంగీతంలో ప్రొడ్యూసర్ చేసే పని. పంతొమ్మిదో శతాబ్ది చివర ఆ పని రంగస్థల నిర్మాతది. తెలుగులో దానికి ఒక పద్ధతి ఏర్పరచిన తొలి తరంవారిలో ఆచార్యులు ముఖ్యుడు.

నేపథ్యం

ఆచార్యులు 1853లో ధర్మవరంలో జన్మించారు. తల్లి లక్ష్మీదేవమ్మ, తండ్రి కృష్ణమాచార్యులు. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకుముందు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. పై చదువుకైనా, కోర్టు పనికైనా, ఉద్యోగానికైనా ఈ ఊళ్లవారికి బళ్లారే దిక్కు. ఆచార్యులు కూడా ఆ దారినే వెళ్లి బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడ్డారు.

బళ్లారి అప్పటికే పలు భాషల పట్నం. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ అక్కడి వీధుల్లో పక్కపక్కనే వినిపించేవి. ఒకవైపు యక్షగానం, భాగవత మేళాల సంప్రదాయం ఉండగా, మరోవైపు ఊరూరా తిరిగే వృత్తి నాటక కంపెనీలు కొత్త తెరలతో, కొత్త మట్లతో ప్రేక్షకులను లాగుతున్నాయి. మరాఠీలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ 1880లో ‘సంగీత శాకుంతల్’ ప్రదర్శించి సంగీత నాటకానికి బాట వేశారు. అదే ఏడు రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థుల చేత ఆడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ‘కీచకవధ’తో రంగప్రవేశం చేసింది. నాటకం మీద జనానికి ఆసక్తి పుంజుకుంటున్న ఇలాంటి వేళ ఆచార్యులు రంగంలోకి దిగారు.

సరస వినోదినీ సభ

ఆచార్యులు 1886లో ‘చిత్రనళీయం’ రచించారు. బళ్లారిలో తాము నెలకొల్పిన సరస వినోదినీ సభ పక్షాన మరుసటి ఏడు దాన్ని ప్రదర్శించారు. సభ్యులు పగలు కోర్టులో, కచేరీలో పనిచేసి సాయంత్రం వేషం కట్టేవారు. నాటకం రాయడం, నటులను ఎంచడం, వారికి పాఠం చెప్పడం, తానూ వేషం వేయడం వంటి బాధ్యతలన్నీ ఆచార్యులే చూసుకున్నారు. రచయిత, నిర్వాహకుడు, శిక్షకుడు ఒకరే కావడంతో నాటకంలోని మాటకు, పాటకు పొందిక కుదిరింది.

ఆయన మొత్తం ముప్పై దాకా నాటకాలు రాశారు. వాటిలో ‘పాదుకా పట్టాభిషేకం’, ‘ప్రహ్లాద’, ‘సావిత్రి’, ‘మోహినీ రుక్మాంగద’, ‘ప్రమీలార్జునీయం’, ‘పాంచాలీ స్వయంవరం’, ‘రోషనార’ ప్రసిద్ధమైనవి. ఎక్కువ భాగం పురాణ కథలే. ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు కాబట్టి, దాన్ని ఎలా చెబుతున్నారు, ఎలా పాడుతున్నారు అన్నదానిమీదే అతడి దృష్టి నిలిచేది.

పాటకు, పద్యానికి చోటు

ఆచార్యులు నాటక నిర్మాణంలో తెచ్చిన మార్పుల్లో మూడు ప్రధానమైనవి. అంకాలను రంగాలుగా విడగొట్టడం ఒకటి, విషాదాంతాన్ని అంగీకరించడం రెండవది, వచనం, పద్యం పక్కన పాటకు కూడా నాటకంలో చోటివ్వడం మూడవది. సంగీత చరిత్రకు మూడోదే కీలకం. యక్షగానంలో పాటే కథను నడుపుతుంది. సంస్కృత పద్ధతి నాటకంలో శ్లోకానిదే పెత్తనం. ఆచార్యుల నాటకంలో కథను వచనం నడుపుతుంది, భావాన్ని పద్యం, పాట పట్టి నిలుపుతాయి.

ఈ పద్ధతి రంగం మీద ఎలా పనిచేస్తుందో పద్యం పాడే తీరు చూస్తే తెలుస్తుంది. సంభాషణ ఒక బిగువుకు రాగానే హార్మోనియం శ్రుతి అందుకుంటుంది. నటుడు చిన్న రాగఛాయతో పద్యం ఎత్తుకుని మొదటి రెండు పాదాలు మాట తెలిసేలా నడిపిస్తాడు. మూడో పాదంలో స్థాయి పెంచి, నాలుగో పాదం చివరి అక్షరం మీద రాగం సాగదీస్తాడు. అంటే అర్థం ముందు చేరుతుంది, సంగీతం ఆ వెనక వస్తుంది. పద్యానికి తాళం లేకపోవడం వల్ల నటుడు తన గొంతును బట్టి, సభను బట్టి దాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. పాట సంగతి వేరు. దానికి పల్లవి, చరణం, తాళం ఉంటాయి కాబట్టి, విన్నవాడు ఇంటికి వెళుతూ తానూ పాడుకోగలడు. నాటకంలోని బాణీ కచేరీ సంగీతం రానివారి నోట కూడా పడటానికి ఈ సౌలభ్యమే కారణం.

విషాద సారంగధర

ఆయన కృతుల్లో ఎక్కువ పేరు పొందింది ‘విషాద సారంగధర’. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీన్ని విమర్శకులు గుర్తించారు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడు, అతడి చిన్న భార్య చిత్రాంగి, సవతి కొడుకు సారంగధరుడు ఇందులో ప్రధాన పాత్రలు. ఎగిరిపోయిన పావురం కోసం సారంగధరుడు చిత్రాంగి మేడలోకి వెళతాడు. ఆమె వలపును తిరస్కరించి, ఆమె మోపిన నిందకు గురై, తండ్రి ఆజ్ఞతో కాలుచేతులు పోగొట్టుకుంటాడు. జానపద కథలో సిద్ధుడి మహిమతో అతడికి అవయవాలు తిరిగి వస్తాయి. ఆచార్యులు ఆ ఊరటను తీసివేసి, నాటకాన్ని దుఃఖంతోనే ముగించారు. మంగళాంతానికి అలవాటుపడిన సభను ఆ ముగింపు దాకా కూర్చోబెట్టడం తేలిక కాదు. ఆ భారం చాలామటుకు శోకరసం పలికే పద్యాలదీ పాటలదీ.

మద్రాసు ప్రదర్శనలు

1891లో సరస వినోదినీ సభ మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకాలు ఆడింది. ప్రేక్షకుల్లో పమ్మళ్ సంబంధ మొదలియార్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు ఉన్నాడు. అంతవరకు తమిళ నాటకమంటే చిన్నచూపున్న ఆ యువకుడు, చదువుకున్నవారు, పరువుగల ఉద్యోగులు వేషాలు కట్టడం చూసి మనసు మార్చుకున్నాడు. అదే ఏడు జూలై 1న మద్రాసులో సుగుణ విలాస సభ వెలసింది. ఆధునిక తమిళ నాటకానికి ఆద్యుడిగా తర్వాత పేరొందిన సంబంధ మొదలియార్ తన ప్రేరణకు మూలం బళ్లారి సభేనని స్మృతుల్లో రాసుకున్నారు.

పోటీ, ప్రతిస్పందన

బళ్లారిలోనే కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను నడిపి చారిత్రక నాటకానికి ప్రాధాన్యం ఇచ్చారు. రెండు సభల పోటీ వల్ల పట్నానికి మేలే జరిగింది. ఆచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) ఇంకో దారి పట్టారు. నాటకాన్ని సంగీత కచేరీగా మార్చే దీర్ఘరాగాలను ఆయన నిరసించి, భావప్రధానమైన సహజ నటనకు పట్టం కట్టారు. ‘వన్స్‌మోర్’ కేకకు చనిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పద్యం అందుకునే స్థితి వచ్చాక ఆ నిరసన అవసరమైంది. అయితే రాఘవ కాదన్నది సన్నివేశాన్ని మింగే పాటను. సన్నివేశం కోసం పాట అన్న మేనమామ సూత్రానికి అది విరుద్ధం కాదు.

టాకీలోకి

ఆచార్యులు 1912 నవంబరు 30న ఆలూరులో మరణించారు. ఇరవై ఏళ్లు తిరగకముందే రంగస్థల సంగీతం వెండితెరకు చేరింది. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు సురభివారు ఆడుతుండిన ఆచార్యుల నాటకమే ఆధారం. మునిపల్లె సుబ్బయ్య, సురభి కమలాబాయి అందులో నటించారు. మాట మధ్యలో పద్యం, పద్యం వెనక పాట అనే రంగస్థల వరస తెలుగు సినిమా తొలి దశలో అలాగే కొనసాగింది.

ముగింపు

నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో పౌరాణిక పద్యనాటకం పూర్తిగా కనుమరుగు కాలేదు. ఊరి రైతులే హార్మోనియం మాస్టారు దగ్గర నేర్చుకుని ‘కురుక్షేత్రం’ వంటి నాటకాలు కడతారు. వారు పాడే పద్యాలు వేరే కవులవి. వచనంతో నడిపి, పద్యంతో నిలిపి, పాటతో మెప్పించే కట్టుబాటు మాత్రం ఆచార్యుల తరం స్థిరపరచినదే. సాహిత్య విలువ దృష్ట్యా ఆయన నాటకాలన్నీ సమానం కావు, కొన్నింటిని ఇప్పుడు చదివేవారూ తక్కువే. తెలుగు జనరంజక సంగీతానికి ఒక రూపం ఇచ్చిన నిర్మాతగా మాత్రం ఆయన స్థానం గట్టిది. ఆయన నాటకాల్లోని పాటలను రాగ, తాళ, సన్నివేశాల వారీగా వర్గీకరించి, పల్లెల్లో మిగిలిన పద్యగాన పద్ధతులతో పోల్చి చూసే పనిని విశ్వవిద్యాలయాల సంగీత, తెలుగు శాఖలు కలిసి చేపట్టాలి.