రెండు జన్మతిథుల విద్యాలయం



ఒక విద్యాలయానికి వయస్సు ఎట్లా లెక్కించాలి? దాని గోడలు లేచి తొలి పాఠం జరిగిన నాటినుండియా, లేక నేడు అక్కడ వినిపించే భాషలో తొలి పాఠం జరిగిన నాటినుండియా? చాలా చోట్ల ఈ రెండూ ఒకటే గనుక ఈ ప్రశ్నే పుట్టదు. పోలండు ఉత్తరాన, బాల్టిక్ సముద్రతీరాన ఉన్న గ్డాన్‌స్క్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయానికి మాత్రం రెండు జన్మతిథులు ఉన్నాయి. ఒకటి 1904, మరొకటి 1945. ఆ రెంటి నడుమ ఉన్న కథ చెప్పుకోదగ్గది.

గ్డాన్‌స్క్‌కు జర్మన్లు పెట్టుకున్న పేరు డాంజిగ్. మూడు శతాబ్దాలకు పైగా పోలిష్ రాజుల ఛత్రచ్ఛాయలో ఉండిన ఈ రేవుపట్టణం 1793లో ప్రష్యా వశమైంది. జ్వరమానం మీద నేటికీ చదువుకునే పేరు గల ఫారన్‌హీట్ 1686లో ఇక్కడే పుట్టాడు. ఉపనిషత్తులను లాటిన్ అనువాదంలో చదివి తన్మయుడైన తత్త్వవేత్త షోపెన్‌హావర్ 1788లో పుట్టినదీ ఇక్కడే. విలియం జోన్స్ ఆంగ్లానువాదం నుండి కాళిదాసు శాకుంతలాన్ని 1791లో జర్మన్ భాషకు తెచ్చిన గియోర్గ్ ఫోర్‌స్టర్ ఈ నగరం పొరుగు పల్లెలో జన్మించాడు. కావున ఈ ఊరు మనకు బొత్తిగా పరాయిది కాదు.

1904 అక్టోబరు 6న జర్మన్ చక్రవర్తి రెండవ విల్హెల్మ్ స్వయంగా వచ్చి ఇక్కడ రాజకీయ సాంకేతిక విద్యాలయాన్ని ప్రారంభించాడు. 'రాజకీయ' అనగా ఇక్కడ రాజుగారిది అని అర్థం. జర్మన్ సామ్రాజ్యపు తూర్పు అంచున తమ విద్యకూ, పరిశ్రమకూ ఒక కోట కట్టుకోవాలన్నది ప్రభువుల ఆలోచన. వాస్తువిద్య, రసాయనశాస్త్రం మొదలైన వాటితో పాటు రేవుపట్టణానికి తగినట్లు నౌకానిర్మాణం కూడా మొదటి రోజునుండే పాఠ్యవిభాగమైంది. గణితవేత్త ఫాన్ మాంగోల్ట్ తొలి అధ్యక్షుడు. ఎర్రయిటుకల గోడలతో, ఎత్తైన గడియారపు గోపురంతో వెలసిన ప్రధాన భవనాన్ని రూపొందించినవాడు అక్కడి ఆచార్యుడే అయిన ఆల్బర్ట్ కార్‌స్టెన్. ఈ పేరును గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

మొదటి ప్రపంచయుద్ధానంతరం డాంజిగ్ అటు జర్మనీకీ, ఇటు పోలండుకూ చెందని స్వేచ్ఛానగరమైంది. 1921లో విద్యాలయం ఆ నగరపాలన కిందికి వచ్చింది. బోధన జర్మన్‌లోనే సాగినా, పోలిష్ విద్యార్థులు గణనీయంగా చేరేవారు. 'సోదర సహాయం' అనే అర్థం గల పేరుతో వారు ఒక సంఘం పెట్టుకొని, ఒకరికొకరు ఆసరాగా చదువుకున్నారు. విద్య విషయంలో ఆ కాలం తక్కువదేమీ కాదు. 1933 నుండి 1936 వరకు ఇక్కడ ఆచార్యుడుగా ఉన్న బూటెనాన్ట్‌కు 1939లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు. నాజీ ప్రభుత్వం దానిని నిరాకరింపజేసింది.

అదే 1939 ఫిబ్రవరిలో విద్యాలయం దాపున ఒక కాఫీశాల తలుపు మీద కుక్కలకూ, పోలిష్ విద్యార్థులకూ ప్రవేశం లేదని రాసిన కాగితం వెలిసింది. దాని వెంట గొడవ రేగింది. నాజీ విద్యార్థులు తమ సహాధ్యాయులను తరగతి గదులనుండి తరిమివేశారు. గురుస్థానంలో ఉన్నవారు అడ్డుపడి ఆ గదులను కాపాడలేదు. మరో ఆరు నెలలకు, సెప్టెంబరు 1న, ఇదే నగరపు రేవు ముఖాన వెస్టర్‌ప్లాటె మీద ఫిరంగులు పేలి రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. ఆ భవనాన్ని కట్టించిన కార్‌స్టెన్ యూదు వంశజుడు. ఎనభై దాటిన ఆ వృద్ధుడు 1943లో టెరేజిన్‌స్టాట్ నిర్బంధశిబిరంలో కన్నుమూశాడు.

1945 మార్చిలో సోవియట్ సేనలు ప్రవేశించిన వేళ భవనం అంటుకున్నది. పైకప్పూ, గోపురమూ, గ్రంథాలయమూ కాలిపోయాయి. మే 24న వెలువడిన శాసనంతో అది పోలిష్ విద్యాలయమైంది. దానిని నిలబెట్టడానికి వచ్చినవారిలో స్టానిస్వావ్ తుర్‌స్కీ అనే గణితవేత్త ఒకడు. 1939 నవంబరు 6న క్రాకోవ్‌లో జర్మన్లు ఆచార్యులను ఉపన్యాసానికని పిలిచి నిర్బంధించినప్పుడు చిక్కి, శిబిరం చూసి బయటపడినవాడు. తరువాత ఇక్కడే రెక్టరు కూడా అయ్యాడు. సోవియట్ ఉక్రెయిన్‌లో కలిసిపోయిన ల్వూవ్ నగరం నుండి ఊరు పోగొట్టుకున్న ఆచార్యులు కొందరు వచ్చారు. ఆ అక్టోబరులోనే, మసి వదలని గోడల మధ్య, పోలిష్ భాషలో పాఠాలు మొదలయ్యాయి. అంతకు ముందున్న జర్మన్ జనమూ ఆ నగరం విడిచిపోవలసివచ్చింది. ఊరు పోగొట్టుకున్నవారు రావడమూ, ఊరు పోగొట్టుకొని కొందరు వెళ్లడమూ ఒకే కాలాన జరిగింది.

తదుపరి కథ క్లుప్తంగా చెబుతాను. 1970 డిసెంబరులో ధరల పెంపుపై తిరగబడిన నౌకాశ్రయ కార్మికులు ఈ విద్యాలయానికి వచ్చి విద్యార్థుల తోడు కోరారు. నాడు ఆ తోడు పెద్దగా దొరకలేదు. పదేళ్లకు, 1980 ఆగస్టులో, లెనిన్ నౌకానిర్మాణశాలలో 'సాలిడారిటీ' పుట్టేనాటికి పరిస్థితి మారింది. 2012లో కాలిపోయిన గోపురపు పైభాగాన్ని తిరిగి కట్టి నిలిపారు. 2019లో ప్రభుత్వం పది పరిశోధన విశ్వవిద్యాలయాలను ఎంపిక చేయగా ఇదీ ఒకటైంది.

ఇక మొదటి ప్రశ్న. ఈ విద్యాలయం 2004లో తన శతవార్షికోత్సవం జరుపుకొన్నది. అనగా జర్మన్ నాలుగు దశాబ్దాలనూ తనవిగా లెక్కించింది. 1945ను కూడా విడువక జన్మతిథిగానే పాటిస్తున్నది. 1945 ఒక్కటే చాలుననుకుంటే సులువుగా పోయేది. శత్రువుల కథ మాకెందుకని అనవచ్చు. కాని అట్లా చేస్తే కార్‌స్టెన్ ఎవరికీ చెందనివాడయ్యేవాడు. తరగతి నుండి గెంటబడిన ఆ పోలిష్ విద్యార్థులకు సైతం తాము చదివిన బడి లేకుండా పోయేది. వాళ్లు చదివింది జర్మన్ విద్యాలయంలోనే గదా!

మూడు దశాబ్దాలకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడిని. నాకు తెలిసిన పోలిక ఒక్కటే. అడ్మిషన్ రిజిస్టరులో ఒక పేరు ఎక్కిన తరువాత, ఆ పిల్లవాడు బడి మానినా, మాన్పించినా, ఆ పంక్తిని ఎవరూ చెరపరు. పక్కన కారణం రాస్తారు, అంతే. చరిత్రకూ అదే మర్యాద వర్తిస్తుందని నా అభిప్రాయం. మిత్రులు తమ అభిప్రాయాలను తెలియజేస్తే సంతోషిస్తాను.