వేట జాగిలాలూ నీటి కుక్కా

కయత్తారు అనగానే అందరికీ 1799 అక్టోబరు 16 గుర్తుకొస్తుంది. ఆ రోజు ఇక్కడి చింతచెట్టుకు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను మేజర్ బానర్‌మన్ ఉరి తీయించాడు. ఇది మనందరం చదువుకున్నదే. నేను రాస్తున్నది ఆయన గురించి కాదు, ఆయన కోట కథలో వచ్చే కుక్కల గురించి.

పాంచాలంకురిచ్చిలో కోట ఎందుకు కట్టారంటే పెద్దలు ఒక కథ చెబుతారు. కట్టబొమ్మన్ పూర్వీకులు వేటకు పోయినప్పుడు ఒక కుందేలు పారిపోకుండా వెనక్కి తిరిగి వేటకుక్కలనే తరిమిందట. ఈ మట్టిలో పౌరుషం ఉంది అనుకుని అక్కడే కోట వేశారట. ఆ పూర్వీకులు తెలుగువాళ్లు. గెట్టిబొమ్ము అనే తెలుగు పేరే తమిళంలో కట్టబొమ్మన్ అయిందని చెబుతారు.

ఇదే కథ విజయనగరానికీ ఉంది. సుమారు 1535లో అక్కడున్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి, రాజు వేటలో కుందేలు కుక్కలను కరిచిన సంగతి రాసిపెట్టాడు. 1411లో అహ్మదాబాదు కట్టిన అహ్మద్ షా గురించి కూడా ఇట్లాంటి కథే చెబుతారు. మూడు చోట్లా కుందేలు తిరగబడిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. విజయనగరం కాలంలో, తరువాత మదురై నాయక రాజుల కాలంలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ వైపుకు వచ్చి పాళయాలు ఏలాయి. కథ కూడా వాళ్లతోనే నడిచి వచ్చి ఉంటుంది. కథలో మెప్పంతా కుందేలుకే, కుక్కలకు ఓటమే. అయినా ఒకటి మాత్రం తెలుస్తుంది. ఆ రాజులు వేట అంటే కుక్కలు లేకుండా కదిలేవాళ్లు కాదు. వేటకుక్కకు జాగిలం అని తెలుగులో వేరే మాటే ఉంది కదా.

మన చుట్టుపక్కల మూడు రకాల జాగిలాలు పేరుపడ్డాయి. చిప్పిపారై అనే ఊరి పేరే ఒక జాతి పేరు. అది సన్నగా, పొడుగు కాళ్లతో, ఎక్కువగా లేత గోధుమ రంగులో ఉంటుంది. వాసన కన్నా కంటి చూపుతో వేటాడుతుంది. కన్ని కూడా దానికి దగ్గరిదే, నలుపు మీద గోధుమ రంగు మచ్చలుంటాయి. పెళ్లికూతురికి సారెగా ఇచ్చేవాళ్లు కాబట్టి కన్ని అనే పేరు వచ్చిందంటారు. రాజపాళయం కుక్క పాలలాగా తెల్లగా, గులాబీ రంగు ముక్కుతో ఉంటుంది, కావలికి బాగా పనికొస్తుంది. తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు దాన్ని పెంచాయి. నల్లరేగడి చేలలో చెట్టు తక్కువ, ఎండ ఎక్కువ. దూరంగా కదిలే కుందేలును చూసి పరిగెత్తాలంటే అట్లాంటి ఒళ్లే కావాలి. పొట్టి వెంట్రుక కాబట్టి వేడి నిలవదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరమైంది. అది మంచిదే, కుందేలుకూ బతికే హక్కు ఉంది. కాని వందల ఏళ్లు ఒకే పని కోసం పెంచిన కుక్కలకు ఆ పని పోయింది. 2005 జనవరి 9న తపాలా శాఖ మన దేశపు నాలుగు కుక్క జాతుల మీద బిళ్లలు వేస్తే అందులో రాజపాళయం ఒకటి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడుతూ చిప్పిపారై, కన్ని పేర్లు కూడా చెప్పారు. బిళ్ల మీద బొమ్మ వేస్తే గౌరవమే, కాని కుక్క బతికేది ఇంట్లో కదా.

ఇప్పుడు పట్నం ఇళ్లలో అడిగేది పూడుల్ కలిసిన సంకర కుక్కలను. మద్రాసులో ఉన్న మా చిన్నాయన కూడా అదే కొంటానంటున్నాడు. వెంట్రుక రాలదు, పిల్లలతో బాగుంటుంది అని ఎవరో చెప్పారట. అందుకే దాని చరిత్ర కూడా వెతికాను.

పూడుల్ నీటి కుక్క. జర్మనీలో నీళ్లలో పడిన బాతులను తెచ్చి ఇవ్వడానికి పెంచారు. నీళ్లు చిమ్మడం అనే అర్థమున్న జర్మన్ మాట నుంచే దాని పేరు వచ్చింది. ఆ ఉంగరాల బొచ్చు చల్లని నీళ్లకు రక్షణ. 1989లో ఆస్ట్రేలియాలో వాలీ కాన్‌రన్ అనే ఆయన దాన్ని లాబ్రడార్‌తో కలిపాడు. హవాయిలో కళ్లు సరిగా కనపడని ఒకామెకు దారి చూపే కుక్క కావాలి, కాని ఆమె భర్తకు కుక్క వెంట్రుక పడదు. మూడు పిల్లలు పుడితే అందులో సుల్తాన్ అనే ఒక్కటే ఆయనకు సరిపడింది. ఒక మనిషి అవసరం కోసం చేసిన పని తరువాత లోకమంతా వ్యాపారం అయిపోయింది. 2019లో కాన్‌రన్ తానే దానికి బాధపడ్డాడు.

మూడింట్లో ఒకటే ఎందుకు? మెండల్ బఠాణీల పాఠం గుర్తుచేసుకోండి. ఒకే ఈతలో పుట్టినా ఒక పిల్లకు ఉంగరాల బొచ్చు, ఇంకొకదానికి మామూలు బొచ్చు రావచ్చు. ఎలర్జీ తెచ్చేది వెంట్రుక మాత్రమే కాదు, కుక్క లాలాజలమూ చర్మపు పొట్టూ కూడా. వెంట్రుక రాలదంటే అది పెరుగుతూనే ఉంటుందని అర్థం. రోజూ చర్మం దాకా దువ్వాలి. లేకపోతే జడలు కట్టి లోపల పుండ్లు పడతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి కత్తిరించాలి. వేలాడే చెవుల్లో తడి నిలిచి చీము పడుతుంది కాబట్టి స్నానం అయ్యాక చెవులు తుడవాలి. మన ఎండల్లో మధ్యాహ్నం బయటికి తీయకూడదు. తెలివైన కుక్కే, చెప్పింది త్వరగా నేర్చుకుంటుంది. అందుకే పొద్దంతా ఒంటరిగా వదిలితే చెప్పులు కొరుకుతుంది, అరుస్తుంది.

ఏ కుక్కయినా కొన్ని మాత్రం ఒకటే. మూడు నెలలకు రేబీస్ టీకా, తరువాత డాక్టరు చెప్పినట్టు మళ్లీ మళ్లీ. పిడుదులు చూసి తీయాలి. చాక్లెట్, ఉల్లిపాయ పెట్టకూడదు. పాయసంలో ఎండుద్రాక్ష ఉంటే అది కూడా వద్దు, ద్రాక్ష కుక్క మూత్రపిండాలను చెడగొడుతుంది. కుక్క కరిస్తే పసుపు, కారం రాయకుండా సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవాలి. 1885లో పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా వేసి బతికించాడు. మన రాష్ట్రంలో కూనూరు పాశ్చర్ సంస్థ 1907 నుంచీ ఉంది.

అట్లయితే చిన్నాయన చిప్పిపారై తెచ్చుకోవాలా? నేను అట్లా అనను. పరిగెత్తడానికి పుట్టిన కుక్కను రెండు గదుల ఇంట్లో కట్టేస్తే పూడుల్‌ను ఎండలో పెట్టడం కన్నా పెద్ద పాపం. మన జాగిలాలు నిలవాలంటే దొడ్డి, చేను ఉన్న మన ఊళ్లలోనే పెంచాలి. రాజపాళయం పిల్ల తెచ్చుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. ఆ తెల్ల కుక్కల్లో పుట్టుచెవుడు ఉంటుంది. పిల్ల నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి చప్పట్లు కొట్టి, చెవి కదిలిందా లేదా చూడాలి. చిన్నాయనకు ఇదంతా ఫోనులో చదివి వినిపించాను. రోజూ దువ్వేది ఎవరు అని పక్కనుంచి పిన్ని అడిగింది. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.