సరళీ వరుసల నుంచి 'నిన్నుకోరి' దాకా

తమిళనాట మన ఇళ్లలో పిల్లలకు సంగీతమంటే ముందు మాయామాళవగౌళలో సరళీ వరుసలే. స, రి దగ్గరదగ్గరగా ఉంటాయి. రి, గ మధ్య ఎడం ఎక్కువ. పసి చెవికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. ఒకే వరుసను మూడు కాలాల్లో, చేత్తో ఆదితాళం వేస్తూ పాడిస్తారు. ఈ బాట వేసింది 16వ శతాబ్దపు కన్నడ హరిదాసు పురందరదాసు అని సంప్రదాయం.

జంట వరుసలు, అలంకారాలు, గీతాలు దాటాక వర్ణం. చాలామందికి మొదట వచ్చేది మోహన రాగంలో 'నిన్నుకోరి'. తెలుగు వర్ణమే, కట్టినవారు మాత్రం తమిళులు, రామనాథపురం శ్రీనివాస అయ్యంగారు (1860–1919).

మన పిల్లలేమో తెలుగు పాటను తమిళ లిపిలో చూసి నేర్చుకుంటున్నారు. అక్కడ ప, ఫ, బ, భ లకు అక్షరం ఒకటే. పక్కన చిన్న అంకె వేసి తేడా చూపుతారు. మొన్న మా పాప 'భక్తి'ని 'పక్తి' అంటే నవ్వేశాం. తర్వాత నవ్వు రాలేదు. ఈ వేసవి తరగతుల్లో స్వరాలతోపాటే స, రి, గ, మ, ప, ద, ని అని పలకమీద దిద్దిద్దాం.