మోటారుబండిలో స్పీకరు: దాని పూర్వచరిత్రయు, మార్చుకొను విధమును

నేడు మన బౌరంపేటలో మోటారుకారు నిలువని వీధి లేదు. నర్సాపురము బాటపై గండిమైసమ్మ కూడలికడ ఒక గడియ నిలిచి చూచినచో పోవు బండ్లను లెక్కింపజాలము. వానిలో కొత్తవి కొన్ని, చేతులు మాఱి వచ్చినవి కొన్ని. పాతబండి కొన్నవానికి తఱచుగా మొదట పట్టుబడు లోపము తలుపులోని స్పీకరు. వార్తలు పెట్టిన గరగరలాడును; పాట పెట్టిన చినిగిన డప్పువలె మ్రోగును. అంతట ఇంటి కుఱ్ఱవాడు దుకాణమునకు పోయి, డబ్బాపై అన్నిటికంటె పెద్ద అంకె వేసియున్న దానిని ఏఱి తెచ్చును. రూపాయలు వేలకొలది పోవును, చప్పుడు పెరుగును, మాట మాత్రము తెలియదు. వెనుక కూర్చున్న పెద్దవారు “ఏమనుచున్నాడురా వాడు?” అని అడుగుచునే యుందురు. ఇట్లేల జరుగునో తెలియవలెనన్న, ఆ వస్తువు పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలయును.

వ్యాకరణము చదివినవానికి ఈ వ్యవహారము కొత్తది కాదు. ఒక వర్ణమును తొలగించి దాని చోట మఱొక వర్ణము వచ్చుటకు ఆదేశమని పేరు. వచ్చునది పోవుదానికి స్థానగుణములయందు మిక్కిలి దగ్గఱిదై యుండవలెనని పాణిని విధించెను. అతి, అంత యను రెండును కలిసినపుడు ఇకారము పోయి యకారమే వచ్చి ‘అత్యంత’ మగును గాని వకారము రాదు. ఏలయన ఇకారయకారములు రెండును తాలవ్యములు. ఇక ఉన్నదానిని కదల్పక ప్రక్కన వచ్చి చేరుదానికి ఆగమమని పేరు. ఆదేశము శత్రువువలె త్రోసి కూర్చుండును, ఆగమము మిత్రునివలె వచ్చి కలియునని పండితులు పరిహాసముగా చెప్పుకొందురు. తలుపులో స్పీకరును మార్చుట ఆదేశము. వెనుక డిక్కీలో మంద్రధ్వని పెట్టెను చేర్చుట ఆగమము. ఈ రెండవది ఎల్లప్పుడును మిత్రుడే యని నేను చెప్పజాలను.

స్పీకరులోని అంగములు మూడే. ఒక అయస్కాంతము, దాని నడుమ సన్నని సందులో కదలాడు తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు గరాటు. దీనినే కోను అందురు. తీగలో విద్యుత్తు అటునిటు పాఱినకొలది చుట్ట ముందువెనుకలకు ఊగును. దానితో కోను ఊగి గాలిని కదల్చును. ఆ గాలియే మన చెవిని చేరును. ఈ ఉపాయమునకు 1898లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు ఆలివర్ లాడ్జి పేటెంటు పొందెను. కాని ఆనాడు దానిని గట్టిగా పలికింపజాలిన ఆంప్లిఫయరు లేదు. కంఠము పుట్టినది గాని ఊపిరి పుట్టలేదు. 1915లో అమెరికాలో జెన్‌సెను, ప్రిధము అను ఇద్దఱు దానికి పెద్ద కొమ్ము తగిలించి బహిరంగముగా వినిపించిరి. 1919లో సాన్ డియేగో నగరమున అధ్యక్షుడు విల్సను వీరి యంత్రము ముందు నిలిచి పలుకగా యాబదివేలకు మించిన జనము వినెను. అంతకుముందు అంత సభకు వినబడవలెనన్న సింహకంఠము కావలసియుండెను.

నేడు మన బండి తలుపులో ఉన్న రూపము మాత్రము 1925 నాటిది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలోని రైసు, కెల్లాగు అను ఇంజనీర్లు కొమ్మును తీసివేసి, చిన్న కోనును ఒక పలకకు బిగించి చూపిరి. ఆ పలక యెందుకో కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. కోను ముందుకు త్రోసినపుడు ఎదుటి గాలి ఒత్తుకొనును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచనగును. నడుమ అడ్డు లేనిచో ఈ రెండును అంచు చుట్టి వచ్చి కలిసి, ఒకదానినొకటి చంపుకొనును. ముఖ్యముగా మృదంగపు ఎడమవైపు మ్రోతవంటి మంద్రధ్వనులు మాయమగును. అడ్డుగా పలక యున్నచో ఆ ధ్వని నిలుచును. నూఱేండ్ల నాటి ఈ సంగతి నేడు తలుపులో స్పీకరు బిగించువారిలో ఎందఱికి జ్ఞాపకమున్నదో నేనెఱుగను. తలుపు ఇనుపరేకే ఇచ్చట పలక. దానికి రంధ్రములున్నను, స్పీకరు అంచున సందు విడిచినను, పదివేలు పోసి కొన్నదియు పీలగనే పలుకును.

మన దేశమున 1930 మొదలు మదరాసు కార్పొరేషనువారు రేడియో ప్రసారములు నడపిరి. మదరాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న వెలసెను. హైదరాబాదులో మొదట ఒక ప్రైవేటు కేంద్రము స్వల్పశక్తితో పలుకుచుండగా, 1935లో నిజాము ప్రభుత్వము దానిని చేకొనెను. దక్కను రేడియో యనునది అదియే. అందు ఉర్దూకు అగ్రపీఠముండినను తెలుగు, మరాఠీ, కన్నడములును వినబడుచుండెను. 1948 సెప్టెంబరు 17న నిజాము తన నిర్ణయమును ప్రజలకు తెలిపినది ఆ రేడియో ముఖముననే. భారతసైన్యము మనకు దాపుననే యున్న బొల్లారమునను, సికింద్రాబాదునను విడియుటకు తాను సమ్మతించితినని ఆయన పలికెను. రాజ్యము మాఱినదన్న వార్త అరచేతియంత కాగితపు కోను కదలుటవలన ఇంటింటికిని తెలిసెను. ఆ నాడు ఒక్క మాట గరగరలో కలిసినచో దాని కొఱకు పొరుగూరికి పరుగెత్తవలసినదే. 1950 ఏప్రిలు 1న దక్కను రేడియో ఆకాశవాణిలో చేరెను.

ఇక మోటారుబండి సంగతి. చౌమహల్లా సౌధమున నేటికిని నిలిచియున్న నిజాముల పసుపుపచ్చని రోల్స్ రాయిసు బండిలో సింహాసనమువంటి పీఠము గలదు గాని రేడియో లేదు. అది 1912 ప్రాంతపు బండి. బండిలో రేడియోను చౌకగా అమర్చి వర్తకమునకు తెచ్చిన ఖ్యాతి అమెరికాలోని పాల్ గాల్విను అను వానిది. 1930లో ఆయన షికాగో నుండి అట్లాంటిక్ సిటీ వఱకు తన బండిలోనే రేడియో పెట్టుకొని పోయి, రేడియో వర్తకుల సభ జరుగుచోటి వెలుపల దానిని మ్రోగించి చూపెను. దానికి పెట్టిన పేరే మోటరోలా. ఆనాటి రేడియోలు గాజుబుడ్లవి. వానికి వేఱే బ్యాటరీలను కాళ్లక్రింద పలకలలో పెట్టవలసియుండెను. స్పీకరు ఒక్కటే. రెండు ప్రక్కల రెండు స్పీకర్లు పెట్టి ధ్వనికి దిక్కును కల్పించు స్టీరియో పద్ధతికి 1931లో ఇంగ్లండున బ్లుమ్‌లైను అను యువకుడు పేటెంటు కోరెను. అది బండ్లలోనికి వచ్చుటకు చాల కాలము పట్టెను. 1963లో ఫిలిప్సువారి క్యాసెట్టు వచ్చిన పిదప గాని బండిలో ఇష్టమైన పాట వినుట సులభము కాలేదు.

ట్రాన్సిస్టరు వచ్చి గాజుబుడ్డిని తొలగించిన తరువాత, బండి బ్యాటరీయే రేడియోకు నేరుగా ఆహారమయ్యెను. ఆ బ్యాటరీ పండ్రెండు వోల్టులది. బండి నడచునపుడు పదునాలుగు దాటును. వోల్టులు ఇంత తక్కువైనపుడు చాలినంత శక్తి రాబట్టుటకు స్పీకరు తీగచుట్ట అడ్డగింపు తక్కువగా నుండవలెను. అందువలననే ఇంటి స్పీకర్లు తఱచుగా 8 ఓములవి కాగా, బండివి 4 ఓములవైనవి. లెక్క వేసి చూతము. 14.4 వోల్టుల నుండి 4 ఓముల స్పీకరునకు మామూలు రేడియో ఆంప్లిఫయరు ఈయగల గరిష్ఠశక్తి కాగితముపై 26 వాట్లు; దారిలో తఱుగు పోగా శుభ్రముగా వచ్చునది సుమారు 18. అట్లుండగా రేడియో ముఖముపై 50 వాట్లు చొప్పున నాలుగు అని వ్రాసియుండును. అది క్షణకాలపు ఎగబ్రాకుడు లెక్క గాని నిలకడ లెక్క కాదు. స్పీకరు డబ్బాపై 300, 400 అని వేయు అంకెయు అట్టిదే. ఆర్.ఎం.ఎస్. అని చిన్న అక్షరములతో ప్రక్కన వ్రాసియున్న అంకెయే చూడదగినది.

ఇంటి 8 ఓముల స్పీకరును బండిలో పెట్టినచో శక్తి సగమునకు సగము తగ్గును, దోషము అంతమాత్రమే. 4 ఉండవలసినచోట 2 ఓములది పెట్టినచో ఆంప్లిఫయరు వేడెక్కి కాలవచ్చును. కొన్ని బండ్లలో కంపెనీవారే ప్రత్యేకమైన ఆంప్లిఫయరుతో 2 ఓములవి పెట్టుట కలదు. కనుక పాతదానిని విప్పి, వెనుక అయస్కాంతముపై నున్న వ్రాతను చదివిన పిదపనే దుకాణమునకు పోవలెను. వ్రాత చెఱిగియున్నచో మీటరు పెట్టి చూడుడు. 4 ఓముల స్పీకరు మీటరుపై మూడున్నర ప్రాంతమున చూపును.

వాట్లకంటె ముఖ్యమైన అంకె వేఱొకటి గలదు. దానిని అంగడివాడు చెప్పడు, కొనువాడు అడుగడు. ఒక వాటు ఇచ్చినచో స్పీకరు ఎంత బిగ్గఱగా పలుకునో డెసిబెలులలో చెప్పుదురు. ఈ అంకెలో మూడు పెరిగినచో ఆంప్లిఫయరు శక్తి రెట్టింపైనదానితో సమానము. 93 అని యున్న స్పీకరునకు 9 వాట్లు చేయు పనికి, 90 అని యున్నదానికి 18 కావలెను. పెద్ద ఆంప్లిఫయరునకై చేసిన బరువైన స్పీకరును మామూలు రేడియోకు తగిలించుట ఒంటెద్దుకు రెండెద్దుల కాడి మోపుట. మా యెఱుకలో ఒకరికి నగరపు దుకాణమొకటి సరిగా ఇదే చేసెను. చాలుట లేదని గొంతు చివఱి దాక త్రిప్పగా ధ్వని చీలి, నెలలోపల తీగచుట్ట మాడెను. శక్తి చాలక ఆంప్లిఫయరు చీల్చి పంపు ధ్వనియు స్పీకరును కాల్చవచ్చును.

పాతది ఏల చెడినదో కూడ చూడవలెను. అయస్కాంతము సామాన్యముగా చెడదు. దాని చరిత్రయు వినదగినదే. తొలుత విద్యుత్తుతో అయస్కాంతమును చేసెడివారు. 1931లో జపానులో మిషిమా కనుగొన్న ఉక్కు నుండి ఆల్నికో అను లోహము వచ్చెను. దానికి కావలసిన కోబాల్టు ఆఫ్రికాలోని జైరె దేశపు గనుల నుండి వచ్చెడిది. 1978లో అచ్చట యుద్ధము రేగి వెల మిన్నంటగా, లోకమంతయు మట్టిబిళ్లవంటి ఫెర్రైటుకు తిరిగెను. తేలికయు బలమును గల నియోడిమియము 1980ల తరువాతిది. చెడునది కోను అంచున నుండు మెత్తని వలయము. అది ఫోముతో చేసినదైనచో ఎండకును తేమకును పదిపదునైదేండ్లలో పొడియై రాలును. మన వైశాఖజ్యేష్ఠములలో మూసిన బండి లోపల వేడి అఱువది డిగ్రీలు దాటును. వానకాలమున అద్దము ప్రక్కనుండి నీరు తలుపులోనికి జాఱును. ఈ రెంటికిని ఓర్చునది రబ్బరు అంచు. కోను కాగితమైనచో తడియంటని పూత యుండవలెను. లేదా 1970లలో ఇంగ్లండున బి.బి.సి.వారు సిద్ధపఱచిన పాలీప్రొపిలీను కోను మేలు.

అంచు మాత్రమే రాలి, కోనును మెల్లగా వ్రేళ్లతో నొక్కినపుడు గీఱుడు వినబడనిచో తీగచుట్ట బాగున్నదన్నమాట. అట్టిదానిని పాఱవేయనక్కఱలేదు, అంచు మార్పించవచ్చును. మార్చవలసియే వచ్చినచో చుట్టుకొలత, మరల రంధ్రములు, లోతు కొలిచి తీసికొనిపొండు. లోతు మఱచినచో అద్దము దిగినపుడు అయస్కాంతమునకు తగులును. జతలో ఒకటి చెడినను రెండును మార్చుడు. కోఠిలోని గుజరాతీ గల్లీ శబ్దసామగ్రికి, రాణీగంజు మోటారు విడిభాగములకు ప్రసిద్ధములు. ఎచ్చట కొన్నను పాటతో పరీక్షింపకుడు. పాటలోని తాళము దోషములను కప్పిపుచ్చును. వార్తలు చదువు స్త్రీకంఠమును పెట్టుడు. శ, ష, స లు వేఱువేఱుగా వినబడినచో అది పలుకు స్పీకరు. ఊష్మములను మ్రింగునది పెండ్లి ఊరేగింపునకు పనికివచ్చును గాని వార్తలకు కాదు. ముందు తలుపులలోని వానికే రేడియో గొంతంతయు పోవుచున్నచో, ముందువెనుకల పాళ్లు సరిచేయు అమరిక రేడియోలోనే యుండును; వృద్ధులు వెనుక కూర్చున్నపుడు దానిని వెనుకకు త్రిప్పుటకు ఒక్క పైస ఖర్చు లేదు.

బిగించునపుడు అంచు చుట్టును ఫోముపట్టీ వేసి, తలుపు రంధ్రములు మూయింపుడు. ఆపైన రెండు స్పీకర్లును ఒకే దిశగా ఊగవలెను. ఒకటి ముందుకును, ఒకటి వెనుకకును పోయినచో రైసు, కెల్లాగులు పలకతో ఆపిన కలహమే బండి నడుమ మరల పుట్టును. తీగలను రేడియో నుండి విప్పి, గోడగడియారములో వేయు ఒకటిన్నర వోల్టు సెల్లును క్షణకాలము అంటింపుడు. సెల్లు ధనధ్రువమును స్పీకరు ధనచిహ్నమునకు తాకించినపుడు కోను బయటికి దుముకవలెను. కుడితలుపుది దుమికి, ఎడమతలుపుది లోనికి ముడుచుకొన్నచో, ఆ ఎడమదాని రెండు తీగలను తాఱుమాఱు చేయుడు.